తాడు కదిలితే

గొడుగులు తయారు చేసేవాళ్లలో ఒక్కరు కూడా వానలో తడిసినవాళ్లు లేరని నా అనుమానం. పోయిన వారం కరీంనగర్ బస్టాండు ముందర మూడు మడతల గొడుగు ఒకటి కొన్నాను. బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది, చేతిసంచిలో ఇముడుతుంది. ఇన్ని గుణాలున్న వస్తువు వానను కూడా ఆపాలని కోరడం అత్యాశే కావచ్చు. మొదటి గాలికే అది తిరగబడి, నీళ్లు పట్టుకోవడానికి వీలైన ఆకారంలోకి వచ్చింది. నేను ఆ నీళ్లన్నీ నెత్తిమీద మోసుకుంటూ ఇంటికి చేరాను. ఎనభై దాటిన మా అవ్వ బాల్కనీలో కుర్చీ వేసుకొని కూర్చుంది. మేం అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీ బాపు గొడుగు సజ్జమీదనే ఉన్నది గదా. అది తిరగబడితే నన్నడుగు" అన్నది.

స్టూలు వేసుకొని సజ్జమీద వెతికితే పాత ట్రంకుపెట్టె వెనక దొరికింది. వంపు తిరిగిన కర్ర పిడి, దుప్పటంత గుడ్డ, ఒక్క మడత కూడా పడని ఇనుప ఊచలు. బాపు పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ తెరవలేదు. తెరిస్తే ఆరేళ్ల దుమ్ముతో పాటు నా కాళ్ల దగ్గర ఒక వెదురు ముక్క పడింది. దానికి చుట్టిన నైలాన్ దారం, తుప్పు పట్టిన గాలం, చిన్న సీసం గుండు, నీళ్లమీద తేలడానికి కట్టిన నెమలి ఈక కాడ. కాడ కొసకు ఎర్రరంగు. అది మా అక్క గోళ్లరంగు. ఆ సీసా ఎట్లా ఖాళీ అయిందో తెలియక అక్క అప్పట్లో రెండు రోజులు అన్నం మానేసింది. ఇప్పుడామె మనవరాళ్లను ఆడిస్తున్నది కాబట్టి ఈ సంగతి రాసినా ప్రమాదం ఉండదనుకుంటాను.

అప్పట్లో మా ఇల్లు శ్రీరాంపూర్ దగ్గర, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో ఉండేది. రెండు గదులు, ముందర రేకుల పందిరి, వెనక వరుసంతటికీ కలిపి ఒక చేదబావి. రోజంతటినీ సైరన్ నడిపించేది. ఆ సైరన్‌కే అన్నాలు ఉడికేవి, బడికి పోయే పిల్లల జడలు పడేవి, పోట్లాటలు ఆగిపోయేవి. సాయంత్రం ప్రతి ఇంటి ముందర బొగ్గుపొయ్యి రాజేసేవాళ్లు. ఆ పొగ క్వార్టర్ల మీద పరుచుకుంటే ఎవరింట్లో ఏ కూరో వాసన పట్టడం కష్టమయ్యేది. అయినా అవ్వ పట్టేది. దండెం మీద తెల్లగా ఆరేసిన బట్టలు బూడిదరంగులో ఇంట్లోకి వచ్చేవి. అన్ని ఇళ్ల బట్టలూ అదే రంగు కాబట్టి ఎవరికీ చిన్నతనంగా ఉండేది కాదు.

మా దగ్గర గనిని బాయి అంటారు. బాపు బాయిలోంచి వచ్చేసరికి ఆయనలో పళ్లు, కనుగుడ్లు తప్ప తెల్లనిదేమీ ఉండేది కాదు. ఎర్రసబ్బు సగం అరగదీసి స్నానం చేసినా కనురెప్పల అంచున నలుపు పోయేది కాదు. మా అక్క కన్నా బాపు కళ్లకే కాటుక బాగుండేది. ఎండతో ఆయనకు పెద్దగా పరిచయం లేదు. ఎప్పుడన్నా ఎదురుపడితే కళ్లు చికిలించి, దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసేవాడు. ఆదివారాలు కూడా డ్యూటీకి పోయేవాడు. జ్వరం వచ్చినా పోయేవాడు. అంత బలంగల మనిషి మా ఇంట్లో చేయకూడని పని ఒకటే, చేదబావిలో నీళ్లు తోడటం. అది అవ్వ పెట్టిన నిషేధం. ఆయన మూడుసార్లు తోడితే మూడుసార్లూ తాడుతో సహా బొక్కెన బావిలో పడింది. పాతాళగరిగె దించి మూడింటినీ తీసినాయన మూడోసారి, "గీ ఇంటికి నేను రోజు రావాల్నా?" అని అడిగాడట. బాపు చేతుల్లో బలం లేదని అవ్వ వాడకట్టంతా చెప్పేది. బొగ్గు నిండిన టబ్బులను నెట్టే మనిషి బొక్కెనెడు నీళ్లు ఎందుకు పట్టలేడని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

ఏడాదిలో బాపు తనంతట తాను సెలవు పెట్టే రోజు ఒక్కటే, మిర్గం. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మేం అట్లా అంటాం. ఆ రోజు ఇంట్లో చేప ఉడకాలి. ఎండాకాలం ఒంట్లో చేరిన వేడి పోవాలని కొందరు, రాబోయే వానల దగ్గు రాకూడదని కొందరు చెప్పేవాళ్లు. చేప తిననివాళ్లు బెల్లంలో ఇంగువ పెట్టుకొని మింగి, మా వైపు ఒకింత అసూయగా చూసేవాళ్లు. వాడకట్టులో అందరూ ఆ రోజు మంచిర్యాల అంగడికి ఎగబడితే, మా బాపు మాత్రం పొద్దున్నే గాలం కట్టె, గొడుగు సైకిలుకు కట్టుకొని గోదావరికి పోయి, మధ్యాహ్నానికి నాలుగైదు చేపలను మొప్పల్లోంచి ఈతకమ్మ గుచ్చి తెచ్చేవాడు. అవ్వ రాతిమీద ఉప్పు, బూడిద వేసి వాటిని తోముతుంటే, పందిరి కింద మంచంలో కూర్చొని ఒక్కొక్క చేప ఎట్లా పడిందో చెప్పేవాడు. ఏ చేప ఎంతసేపు పెనుగులాడింది, ఏది దారం తెంపబోయింది, ఏది తన కళ్లలోకి చూసింది. మిగతా మూడువందల పైచిలుకు రోజులూ పది మాటలు మాట్లాడని మనిషి ఆ ఒక్కరోజు మాట్లాడేవాడు. పక్కింటివాళ్లు కూడా వచ్చి వినేవాళ్లు. కాలనీలో గాలం అంటే మా బాపే.

ఆయనతో పాటు ఖాజా చిచ్చా పోయేవాడు. చిచ్చా బాయిమీద లాంప్ రూంలో పని చేసేవాడు. దిగేవాళ్లకు దీపాలిచ్చి, ఎక్కినవాళ్ల దగ్గర తిరిగి తీసుకునేవాడు. ఒక్క దీపం తిరిగి రాకపోయినా ఇంటికి పోయేవాడు కాదు. సన్నటి మనిషి, చెవి మడతలో ఎప్పుడూ ఇత్తరు దూది. ఇద్దరి సైకిళ్లలో ఒకదాని మీద ఏటా ఒక అరబస్తా బొగ్గు కూడా పోయేది. ఎందుకని అడిగితే చాయ్ కాచుకోవడానికి అనేవాడు బాపు. అరబస్తా బొగ్గుతో ఊరంతటికీ చాయ్ కాయవచ్చు. అవ్వ మాత్రం ఏమీ అనేది కాదు. సంచి మూతి తనే బిగించి కట్టి, సైకిలు దాకా పట్టుకొచ్చేది.

ఏడో తరగతి పాసైన ఎండాకాలం నన్నూ తీసుకుపోవడానికి బాపు ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఒప్పుకోలేదు. నేను మూడు రోజులు వెంటపడ్డాను, అవ్వ "తీస్కపోరాదు, పోరడు శాపలు పట్టుడు నేర్చుకుంటడు" అన్నది, ఆయన తువ్వాల భుజాన వేసుకొని బయటికి పోయాడు. దాన్ని నేను నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను. స్నానాలగది మోరీ వెనక తడిమన్ను తవ్వి, డాల్డా డబ్బా నిండా ఎర్రలు, అంటే వానపాములు, పోగు చేశాను. డబ్బా చూసి బాపు, "గిన్ని ఎందుకురా?" అన్నాడు దిగులుగా.

ఊరు దాటగానే నేను కూర్చున్న సైకిలు పంచరైంది. అరబస్తా బొగ్గును మోసే సైకిలు నన్ను మోయడానికి ఒప్పుకోలేదు. చిచ్చా ట్యూబు బయటికి తీసి, గుంటలో నీళ్లలో ముంచి, బుడగ వచ్చే చోటు వెతికి అతికేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. బాపు నిమిషానికోసారి తోవ వైపు చూశాడు. "ఏం ఫికర్ లేదు భాయ్, ఆయన ఉంటడు" అన్నాడు చిచ్చా. ఎవరు ఉంటారో నేను అడగలేదు. నది ఉంటుందన్నాడనుకున్నాను.

ఎండాకాలపు గోదావరి నది కన్నా ఇసుకే ఎక్కువ. ఇసుక నడుమ అక్కడొక మడుగు, ఇక్కడొక మడుగు, వాటిని కలుపుతూ మోకాటిలోతు పాయ. ఇసుకలోనే దోసపాదులు పెట్టిన జాడలు, ఎండిన తీగలు. తుంగ పక్కన నీళ్లు కదులుతున్నాయో లేదో తెలియనంత మెల్లగా కదిలేవి. లకుముకి పిట్ట ఒకటి ఎండిన కొమ్మ మీంచి నీళ్లలోకి దూకి, ఏమీ దొరకక, అసలు స్నానానికే వచ్చానన్నట్టు తిరిగి వచ్చి కూర్చుంది. సైరన్ లేని చోటు అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. చిచ్చా దగ్గితే ఆ దగ్గు అవతలి ఒడ్డు దాకా పోయి వచ్చేది.

ఒడ్డున ఒక గడ్డి గుడిసె. దాని ముందర సైకిలు ఆపి బాపు, "రాజేశం" అని పిలిచాడు. లోపలి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది.

"మా కొడుకు లేడు బాంచన్. మీకోసం మస్తు సేపు చూసిండు. మంచిర్యాల కెల్లి జీపొచ్చింది, శాపలన్ని ఎత్తుకొని దాంట్లనే పోయిండు. మిర్గం గదా."

"మావి పక్కకు పెట్టలేదా?"

"పెట్టిండు. మీరు రాలే. అవి గూడ పోయినయ్." తర్వాత సైకిలు వైపు చూసి, "బొగ్గు తెచ్చిండ్రా?" అని అడిగింది.

చిచ్చా బొగ్గు దించాడు. ఆమె సంచి లోపలికి ఈడ్చుకుపోయింది. బాపు తన సైకిలు గంటను తువ్వాలతో తుడవడం మొదలుపెట్టాడు. అంత శుభ్రమైన గంట ఆ జిల్లాలో ఇంకొకటి ఉండి ఉండదు.

"ఇగ దాసుడేంది భాయ్" అన్నాడు చిచ్చా. "పోరనికి సమజైంది."

బాపు గంట తుడుస్తూనే, "ఏం సమజైందిరా?" అన్నాడు.

"ఏం సమజ్ కాలే బాపు" అన్నాను. నా జీవితంలో ఇచ్చిన జవాబుల్లో దానికి ఇప్పటికీ నేను మంచి మార్కులు వేసుకుంటాను.

సమస్య మాత్రం మిగిలింది. మిర్గం నాడు వట్టిచేతులతో ఇంటికి పోవడం బాపుకు ఊహకందని విషయం. మంచిర్యాలకు పోయి కొందామంటే, కాలనీలో సగం మంది అదే అంగట్లో సంచులు పట్టుకొని ఉంటారు. గాలం అంటే మా బాపే అని చెప్పుకునేవాళ్లందరూ ఆయనను చేపల తట్టల ముందర చూస్తారు. పందిరి కింద మంచం, చుట్టూ చేరే మనుషులు, ఏడాదికొకసారి వచ్చే ఆ మాటలు, అన్నీ ఆ రోజుతో అయిపోతాయి. పన్నెండేళ్ల వాడికి కూడా ఆ సంగతి అర్థమైంది.

"గాలం ఉన్నది గదా బాపు" అన్నాను. "ఎర్రలు గూడ ఉన్నయ్."

ఇద్దరూ గాలం కట్టె వైపు చూశారు. పెళ్లిలో మొహమాటానికి పిలిచిన చుట్టం నిజంగానే వచ్చి కూర్చుంటే చూసినట్టు చూశారు.

మడుగు ఒడ్డున గొడుగు పాతి, దాని నీడలో ముగ్గురం కూర్చున్నాం. గాలానికి ఎర్ర గుచ్చడం నాకు మొదటిసారని చెప్పుకోవడానికి సిగ్గేసింది, కానీ నేను గుచ్చుతుంటే వాళ్లిద్దరూ నాకన్నా శ్రద్ధగా చూశారు. చిచ్చాకు ఎర్రల మీద నమ్మకం లేదు. అన్నానికి తెచ్చుకున్న రొట్టె ముక్క పిసికి, చెవిలో ఇత్తరు దూది తీసి దానికి రాశాడు. "మంచి వాసనకు మనిషే ఆగుతడు, శాప ఆగదా?" అన్నాడు. ఆ మడుగులో చేపలు ఆ పూట మా వైపు రాకపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం బాపు. గంటసేపటికి నెమలి కాడ ఒకసారి వణికింది. ఎర్రకొస మునిగింది. దారం బిగిసి పక్కకు కదిలింది. బాపు చేతిలో గాలం కట్టె వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసి, లేని గోడకు వీపు ఆనించినట్టు నిలబడ్డాడు. కట్టె మెల్లగా మడుగు నడుమకు పోయింది. నేను నడుములోతు దిగి తెచ్చాను. అరగంటకు మళ్లీ కాడ మునిగింది. మళ్లీ కట్టె నీళ్ల పాలు, బాపు రెండడుగుల వెనక. మూడోసారి కూడా అంతే.

"ఎందుకిడుస్తున్నవ్ బాపు?" అన్నాను తడిసి నీళ్లు కారుతూ.

ఆయన చేతులు చూసుకున్నాడు. జవాబు చిచ్చా చెప్పాడు. బాపు పని చేసేది హాలేజీ మీద. బొగ్గు నిండిన టబ్బుల వరుసను మణికట్టంత ఇనుప తాడు పైకి గుంజుతుంది. ఆ తాడు కదిలిందంటే పట్టుకున్నది ఏదైనా వదిలి, రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకోవాలి. అట్లా చేయనివాళ్లు తర్వాత వేళ్లు లెక్కపెట్టుకోవలసి వచ్చేది. లెక్క ఎప్పుడూ తక్కువే వచ్చేది. "ఇరవై ఏండ్ల సంది గదే పని రా" అన్నాడు చిచ్చా. "మీ బాపు ఇడిచిపెడ్తలేడు. చెయ్యే ఇడిచిపెడ్తుంది. మొదట రెండేండ్లు గిట్లనే చూసినం. గప్పుడు రాజేశం దొరికిండు."

"చెయ్యి నా మాట ఇంటలేదు కొడుకా" అన్నాడు బాపు. ఆయన అంత పొడుగు సంజాయిషీ ఎవరికైనా ఇవ్వడం నేను వినడం అదే మొదటిసారి. బావిలో పడిన మూడు బొక్కెనలూ నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

అప్పుడు కట్టె నేను తీసుకున్నాను. బాపు నా వెనక నిలబడ్డాడు. ఎండ వాలింది, ఇసుక రంగు మారింది, ఉత్తరాన ఒక మబ్బు లేచింది. ఆకలికి చిచ్చా ఇత్తరు రాయని రొట్టె కోసం వెతికి, అంతా రాసేశానని గుర్తొచ్చి విచారించాడు. కాడ మునిగింది.

"ఇడువు, ఇడువు" అన్నాడు బాపు నా వెనక నుంచి.

"గుంజు బే" అన్నాడు చిచ్చా.

నేను గుంజాను. తండ్రి మాట వినకపోవడం వల్ల నాకు మేలు జరగడం అదొక్కసారే. మెరుస్తూ ఒక జెల్ల చేప వచ్చి ఇసుకలో పడింది. జానెడు కన్నా రెండు వేళ్లు ఎక్కువ, మీసాలతో సహా. దాన్ని ఒడిసి పట్టబోతే పక్కముల్లు బొటనవేలిలో దిగింది. చిచ్చా జెల్లను పట్టుకొని గంతులేస్తుంటే, బాపు దాని వైపు చూడనేలేదు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని, నెత్తురు తుడిచి, అయిదు వేళ్లనూ ఒక్కొక్కటిగా వంచి చూశాడు. రెండో చెయ్యి కూడా ఇమ్మన్నాడు. దానికేమీ కాలేదన్నాను. అయినా చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు మొదటి చినుకులు పడ్డాయి. బాపు ఒంటిచేత్తో సైకిలు తొక్కుతూ, రెండో చేత్తో గొడుగు వెనక కూర్చున్న నామీదికి వంచాడు. దానివల్ల ఇద్దరమూ తడిశాం. క్వార్టర్లు కనిపించాక నేనే అన్నాను, "బాపు, నువ్వే పట్టినవ్."

ఆయన సైకిలు కొంచెం నిటారుగా కూర్చొని తొక్కాడు.

అక్క పందిట్లోనే ఎదురొచ్చి, "ఒక్కటేనా?" అన్నది. "ఒక్కటైతేంది, గాలానికి పడ్డది" అన్నాడు బాపు. అన్నేళ్లలో ఆయన ఆ పందిరి కింద చెప్పిన మాటల్లో పూర్తిగా నిజమైనది అదే. అవ్వ రాతి ముందర కూర్చొని చేపను అటు తిప్పి, ఇటు తిప్పి, చాలాసేపు చూసింది. ఇంత చిన్నదాన్ని ఎట్లా ముక్కలు చేయాలా అని చూస్తున్నదనుకున్నాను. మట్టి కంచుట్లో చింతపండు పులుసు ఎక్కువ పోసి వండింది. ఆ పులుసులో ముక్కను వెతుక్కుంటూ మేం నలుగురం, పిలిస్తే వచ్చిన చిచ్చా ఒకరు, మొత్తం అయిదుగురం తిన్నాం. బాపు తన వంతు ముక్కను నా కంచంలో వేసి, దారం తెగబోయిన వైనం పక్కింటాయనకు చెప్పడంలో పడ్డాడు. ఆ ఏడు కథ ఎప్పటికన్నా బాగా కుదిరింది. మరుసటి ఏడు నుంచి బాపు మంచి టైర్లు వేయించి, తెల్లవారకముందే బయలుదేరాడు. నన్ను తీసుకుపోలేదు. నేనూ అడగలేదు.

ఎవరికీ చెప్పలేదు కూడా. బాపు పోయిన నాడు వచ్చినవాళ్లు ఆయన గాలం సంగతి తలుచుకుంటే తల ఊపాను. నేను బాయి దిగలేదు, ఆయన దిగనివ్వలేదు. ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తాడులో బిగువు గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. తాడు బిగిస్తే ఏం చెయ్యాలో సిలబస్‌లో లేదు. ఇప్పుడు ఆ ఇసుక కూడా లేదు. కింద ఆనకట్ట కట్టాక వెనక నీళ్లు ఏడాది పొడుగునా నిండుగా నిలబడి ఉంటాయి. పోయినేడు ఆగి చూస్తే మా మడుగు ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. మిర్గం నాడు ఇప్పటికీ చేప వండుతాం. కరీంనగర్ మార్కెట్లో నిలబడితే తోమి, తల తీసి, ముక్కలు కొట్టి కవర్లో వేసిస్తారు. ఇంట్లో బూడిద అవసరం లేదు, రాయి అవసరం లేదు, కథ అంతకన్నా అవసరం లేదు. సుఖంగానే ఉంది. మా మనవడు ముళ్లు లేని ముక్కే తింటాడు, అది ఏ చేపో అడగడు.

గొడుగు ఆరేసి, ఆ నెమలి కాడ తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె కళ్లకు దగ్గరగా పెట్టుకొని ఎర్రకొసను గోటితో గీకింది.

"మీ అక్కది" అన్నది.

"బాపు ఎన్ని శాపలు పట్టిండో దీంతోటి" అన్నాను. నలభై ఏళ్లకు పైగా అలవాటైన అబద్ధం, నోరు దానంతటదే అనేసింది.

అవ్వ నావైపు చూసింది. "గాలానికి పడ్డదాని మూతి చీరుకుంటదిరా. మీ బాపు తెచ్చిన శాపలన్ని నేనే తోమిన. ఒక్కదాని మూతే చీరుకొని ఉండె. గా జెల్లది. నీ బొటనేలుకు గుడ్డ గూడ నేనే కట్టిన."

కింద వీధిలో ఆటో ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.

"మరి ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న ఎందుకనలే అవ్వా?"

ఆమె దారాన్ని వెదురు ముక్కకు మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

"నేనా మాటంటే, మిర్గం నాడు గూడ మీ బాపు బాయిలకే పోతుండె."